మదనపల్లెలో చావులెక్కువ అన్నారు

2021 వేసవి, కరోనా రెండో విడత. మదనపల్లెలోని ఒక ఆస్పత్రిలో కోవిడ్ వార్డుకు నేను హెడ్ నర్సుని. పడక ఖాళీ అయిందంటే సంతోషించాలో ఏడవాలో తెలియని రోజులవి.

ఒక మధ్యాహ్నం పుంగనూరు నుంచి టమోటా వ్యాపారి మునిరాజప్ప తన తండ్రిని స్కానింగ్ కోసం తెచ్చాడు. పెద్దాయన సాచ్యురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, బాగా పడిపోయింది. కారులోనే ఆక్సిజన్ పెట్టించి, స్ట్రెచర్ తెమ్మన్నాను. మునిరాజప్ప కారు తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఈడ చేర్చనమ్మా. కుప్పం తీసకపోతాండాను."

"యాలప్పా? అంత దూరం తట్టుకునేట్టు ఉండాడా ఆయన?"

ఎవరో పంపిన మెసేజ్ ఫోన్లో చూపించాడు. కుప్పం ఆస్పత్రిలో చావులు దాదాపు లేవట, మదనపల్లెలో రోజూ ఉన్నాయట. దాని కిందే ఏ దేశంలో నూటికి ఎంతమంది పోయారో పట్టిక.

"సూడమ్మా, దేశాలకే ఇట్ట లెక్క కడతాండారు. ఊర్లకు కట్టకూడదా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ నేను కోపం తెచ్చుకుంటే పెద్దాయనకు ఊపిరి వస్తుందా? మునిరాజప్పకు తెలిసిన టమోటా మండీ నుంచే మొదలుపెట్టాను.

"తోట కాడే మచ్చకాయలు ఏరేసి తెచ్చిన బాక్సు ఒకటి, ఏరకుండా తెచ్చింది ఒకటి. చెడుగు దేంట్లో ఎక్కువుంటాది?"

"ఏరకుండా తెచ్చిందాంట్లోనే. దానికేముండాది?"

"కుప్పంలో ఆ ఆస్పత్రి చిన్నదప్పా. బరువైన కేసుల్ని కోలారుకో బెంగుళూరుకో పంపిస్తారు. అది తప్పు గాదు, వాళ్ళ కాడ మిషన్లు లేవు. అట్ట పంపినోళ్ళు పోతే ఆ చావు ఆ ఊరి లెక్కలో పడతాది. మా కాడికి పెద్దమండ్యం నుంచీ, బి.కొత్తకోట నుంచీ, మీ పుంగనూరు నుంచీ ముదిరిపోయినోళ్ళే వస్తాండారు."

దేశాల సంగతీ అంతేనన్నాను. కేస్ ఫెటాలిటీ రేట్ అంటే జబ్బు తేలినవాళ్ళలో నూటికి ఎంతమంది పోయారన్నది. ఏ లక్షణమూ లేనివాళ్ళకు కూడా టెస్టు చేసే దేశంలో ఆ రేటు తగ్గుతుంది. ముసలివాళ్ళు ఎక్కువున్న దేశంలో పెరుగుతుంది. ఇళ్ళలో పోయినవాళ్ళను లెక్కలో వెయ్యని దేశం భేషుగ్గా కనిపిస్తుంది.

"అయితే మా నాయన బతుకుతాడామ్మా?"

"ఆ మాట ఇయ్యలేనప్పా. దోవలో పోకుండా మాత్రం సూస్తాను."

కారులోంచి పెద్దాయన మాస్కు పక్కకు లాగి, "యాడో ఒకచోట పండుకోబెట్టరా నాయనా" అన్నాడు. మునిరాజప్ప తలుపు తీశాడు.

వారం తిరక్కుండానే పెద్దాయన పోయాడు. కొడుకు దండం పెట్టి వెళ్ళాడు. అతను తిట్టిపోసినా నాకు అంత బాధ ఉండేది కాదు. కుప్పం పోనిచ్చి ఉంటే ఏమయ్యేదోనని చాలా రోజులు కుమిలిపోయాను.

వానలు మొదలయ్యాక మునిరాజప్ప మళ్ళీ వచ్చాడు. వెంట జ్వరంతో బావమరిది, తన కాళ్ళ మీద తానే నడిచి వస్తున్నాడు. నన్ను చూసి మునిరాజప్పే చెప్పాడు.

"ఆయాసం రాకముందే తెచ్చినానమ్మా. మా నాయనను కషాయాలు తాపుతా ఇంట్లోనే పెట్టుకోనుంటి. మీ ఊర్లో చావులెక్కువని అనుకుంటి గానీ, మేం తెచ్చేదే ఆలస్యమని తెలీలేదు."

బావమరిదిని వెంటనే వార్డులో చేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఫలానా దేశంలో ఎక్కువమంది పోయారంటే, అక్కడ ఎవరిని లెక్కపెట్టారు, వాళ్ళు ఏ వయసువాళ్ళు, ఏ స్థితిలో వచ్చారు అని అడగనిదే నేను ఏ మాటా చెప్పను.

బావమరిది కోలుకున్నాడు. డిశ్చార్జ్ రోజున మునిరాజప్ప అతన్ని నా ముందు నిలబెట్టాడు.

"ఈయన్ని గూడా మీ మదనపల్లె లెక్కలో ఏసుకోండమ్మా."