బదులు నిలబడేవాడు

కరోనా రెండో ఏడు. సూరత్ స్టేషన్ బయట, సాంచాలు అంటే మరమగ్గాలు నడిచే బమ్రోలికి బస్సు కోసం కూర్చున్నాను. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని బెంచీ మీద ఎర్రగీతలు గీశారు. నేను వదినతో ఫోన్లో మాట్లాడటం విని, గీత అవతలి ముసలాయన పలకరించాడు. కరీంనగర్‌లో ఉర్దూ పంతులుగా చేశాడట.

"ఏం పనికొచ్చినవ్ బిడ్డా?"

"మా అన్న జాగల బద్లీకి సార్. ఆయన దవాఖాన్ల ఉన్నడు. సాంచాలు ఖాళీగుంటె సేఠ్ ఇంకొకన్ని పెట్టుకుంటడు. ఇంట్ల కూసుండి తినెతందుకు నేనేమన్న నవాబునా?"

ఆయన మాస్కు సర్దుకున్నాడు.

"నవాబంటె కూసుండి తినెటోడు గాదు. అరబ్బీల నాయబ్ అంటె ఒకరి బదులు నిలవడెటోడు. నవాబ్ గండ్లకెల్లే వచ్చింది. బాద్షా బదులు సుబాను, అంటె ఒక రాష్ట్రాన్ని, చూసుకునెటోడన్నట్టు. ఫార్సీ, ఉర్దూ, మన తెలుగు, ఇంగ్లీషు దాంక తిరిగేసరికి బదులు పోయి దర్జా మిగిలింది."

బస్సు వచ్చే వైపు చూస్తూ అన్నాడు. "అసలాయన వస్తె లేశి జాగ ఇయ్యాలె. గదే నవాబుతనం."

బస్సు వచ్చింది. నేను లేస్తుంటే ఆయన కూడా లేచి సలాం చేశాడు.

అన్న దవాఖానా నుంచి రాలేదు. సాంచాలు ఇక నీవేనని సేఠ్ ఎప్పుడో చెప్పాడు. ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ బద్లీననే చెబుతాను.