గిటారు పట్టీకి ఎర్రదారాలు

బ్యాండులో అందరూ ఆమెను మంత్రగత్తె అనే పిలుస్తారు. ప్రాక్టీసుకు రాగానే చెప్పులు విడిచి, కిటికీలోని మొక్కను పలకరించి, గిటారు పట్టీకి వేలాడే ఎర్రదారాల్లో ఒకదానికి, ఏదో కోరిక అనుకుని, ముడి వేస్తుంది. ఇక ఆమె తీగ మీటితే చాలు, కొవ్వొత్తులు వాటంతటవే వెలుగుతాయి. నిన్న డ్రమ్ములు వాయించే అమ్మాయి పుల్లలు పక్కన పడేసి, "నువ్వంటే నాకు ప్రాణం. ఇంక దాచుకోవడం నా వల్ల కాదే" అంది. ఏళ్ళుగా ఆ మాటకే ఎదురుచూసిన మంత్రగత్తె ముఖం పాలిపోయింది.

"నా మంత్రం తగిలి అంటున్నావేమోనే" అంటూ చతికిలబడి, ముడులన్నీ విప్పసాగింది. కొవ్వొత్తులు ఆరిపోయాయి, మొక్క తల వాల్చేసింది. "జరుగు, గోళ్ళు లేనిదానివి నీకేం ఊడొస్తాయి" అని ఆ అమ్మాయే ఎదురుగా కూర్చుని, చివరి ముడి విప్పి, దారం ఆమె చేతిలో పెట్టింది.

"అయిపోయాయిగా. ఇప్పుడైనా జవాబు చెప్తావా?"