ఆరు సంచుల మట్టి

మా అక్క చిటికెడు మట్టి వేళ్ళ మధ్య నలిపి, అందులో ఏ పంట బతుకుతుందో చెప్పేసేది. ఇది కోత కాదు. కోతల్లో నన్ను మించినవాడు పుట్టలేదు కాబట్టి ఏది కోతో, ఏది కాదో నాకే బాగా తెలుసు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసిన రోజు లెక్కల మాస్టారు ఆనందం పట్టలేక నల్లబల్లకే నమస్కారం పెట్టారు. నా వాటా చదువు కూడా అక్కే చదివేసి, మట్టి పరీక్షల ల్యాబులో అధికారి అయింది.

ల్యాబంటే రెండు గదులు. మొదటి గదిలో పళ్ళాల నిండా ఆరబోసిన మట్టి. ఎగిరిపోతుందని మండుటెండలో కూడా ఫ్యాను వేయనిచ్చేది కాదు. రెండో గదిలో ఒక పొడవాటి బల్ల. ఏడేళ్ళు వెంటపడి, బతిమాలి, అలిగి, నీటిపారుదల ఇంజనీరునీ, చట్టాలు రాసే లాయరమ్మనీ ఆ బల్ల దగ్గర కమిటీగా కూర్చోబెట్టింది. మంచి పైమట్టి ఎక్కడుందో పటం గీయాలి, అక్కడ ఇటుకల కోసం ఎవరూ తవ్వకుండా నియమం రావాలి. అక్క కోరిక అదొక్కటే.

"అంగుళం పైమట్టి తయారవ్వాలంటే వందల ఏళ్ళు పడుతుందిరా. తవ్వడానికి ఒక్క పూట చాలు," అనేది.

జీపు నడిపి మట్టి తేవడం నా పని. ఒక్కో పొలంలో వంకరటింకరగా నడుస్తూ పదిహేను చోట్ల తవ్వాలి. అంతా పట్టా మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేయాలి. అరకిలో మిగిలేదాకా అలా చేస్తూనే ఉండాలి.

ఆ రోజు వాగు పక్కన ఆరు పొలాలు. ఎండ మాడు పగలగొడుతోంది. రోడ్డు వారగా, కంకర కలిసిన చోట ఒకే ఒక్క గొయ్యి తవ్వి ఆరు సంచులూ నింపాను. ఆరు నంబర్లు రాసి, జీపు నీడలో హాయిగా పడుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అక్క కాగితం పట్టుకుని వచ్చింది.

"ఆరింటికీ అంకెలు దాదాపు ఒకేలా ఉన్నాయేంట్రా? పదిహేను చోట్లా తీశావా?"

"పదిహేనేంటక్కా, పదహారు! నీ తమ్ముడంటే ఏమనుకున్నావ్? ఒక చోట మొసలి అడ్డొస్తే పక్కకి జరగమన్నా!"

అక్క నవ్వేసింది. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

పటంలో ఆ ఆరు పొలాలూ పనికిరాని నేల రంగులోకి వెళ్ళాయి. నియమం వచ్చింది. పనికిరాని నేల తవ్వుకోవచ్చన్నారు. వానలు పడేలోపే యంత్రాలు వచ్చి నడుం లోతు మట్టి ఎత్తుకుపోయాయి.

మొదటి వానకి ఇంజనీరు ఆ పొలాల పక్క వాగు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చాడు. అక్క అడుగున పేరుకున్న బురదని పరీక్ష చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"కంకర నేలలోంచి ఇంత సారమున్న మట్టి ఎలా కొట్టుకొస్తుందండీ?" అని ఇంజనీరు అడిగితే, అక్క ఆ ఆరు సంచుల అంకెల కాగితం మళ్ళీ బయటికి తీసింది.

మర్నాడు బల్ల దగ్గర అందరి ముందూ, "అంకెలు చూసినప్పుడే అనుమానం వచ్చింది. మళ్ళీ తీయించకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే. ఇకమీదట ఈ కమిటీలో నేనుండను," అంది.

టీ గ్లాసులు పెట్టడానికి వచ్చిన నేను అక్కడే చెప్పేశాను. ఒకే గొయ్యి, ఆరు సంచులు, జీపు నీడ, అంతా.

ఇంజనీరు పగలబడి నవ్వాడు. "వానపాముని బెల్టనుకుని నడుముకి కట్టుకున్నానని మొన్నేగా చెప్పావు! ఇదీ అలాంటిదేనా?"

"అక్కని కాపాడాలని ఎంత కథ అల్లావయ్యా," అంటూ లాయరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఒట్టండీ!" అన్నాను. ఇంకా నవ్వారు. నేను ఒట్టు వేయని అబద్ధం ఎప్పుడైనా చెప్పానా, వాళ్ళు నమ్మడానికి?

అక్క ఒక్కతే నవ్వలేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల వంచుకుని, కమిటీ నుంచి తప్పుకునే కాగితం మీద సంతకం చేసింది.

"ఆ రోజే చెప్పాల్సిందిరా," అంది, నాకు మాత్రమే వినపడేలా.