అమ్మ సోఫా, అమ్మ పిల్లి

మా ఇంటికి సోఫా వచ్చిన కొత్తల్లో దాని మీద దర్జాగా కూర్చున్న ప్రాణి మా పిల్లి ఒక్కటే. మిగతావాళ్లం నిలబడి చూసేవాళ్లం.

ఎనభైల నాటి మాట. రాజోలు దగ్గర మా ఊరు. నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్లేవాడు. అమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరింది. మా వైపు ఆడవాళ్లు అలా వెళ్లడం అప్పటికే మొదలైంది గానీ, మా వీధిలో మాత్రం అమ్మే మొదటిది. ఇంట్లో నాన్న, నాన్నని కన్న మా మామ్మ, నేను, పిల్లి మిగిలాం. పిల్లి అమ్మది. కళ్లయినా తెరవని కూన కొబ్బరి పీచు కుప్పలో దొరికితే, దూది పాలల్లో ముంచి నోట్లో పిండి బతికించింది. కువైట్ బయలుదేరే రోజున నా గురించి చెప్పిన జాగ్రత్తల కంటే దాని గురించి చెప్పినవే ఎక్కువని నాకు ఇప్పటికీ ఉక్రోషం.

అమ్మకి రాయడం రాదు. చెప్పాల్సినవన్నీ క్యాసెట్టులో మాట్లాడి, సెలవుకి ఊళ్లకొచ్చే వాళ్ల చేతికిచ్చి పంపేది. మా టేపురికార్డరు కూడా అలా వచ్చిందే. ఒకసారి అందరి క్షేమాలూ అడిగాక, సిగ్గుపడుతున్నట్టు చిన్న గొంతుతో అంది: "ఏవండీ, ఒక సోఫా కొనండి. ఎర్రది. నేనొచ్చేసరికి మనింట్లో సోఫా ఉండాలండి."

నాన్న ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. అమ్మ తన కోసం నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు.

"మంచాలు లేవేటి మనకి? సోఫా ఎందుకంట?" అని మామ్మ గొణిగింది. కానీ డబ్బు కోడలి కష్టం, కోరికా కోడలిదే, కాదనలేకపోయింది.

నాన్న అమలాపురం వెళ్లి కొని, కాయల లారీ మీద వేయించుకుని తెచ్చాడు. ఎర్ర వెల్వెట్టు గుడ్డ, నున్నటి చెక్క కాళ్లు. మా పెంకుటింటి నడవలో అది దారి తప్పి వచ్చిన చుట్టంలా ఉంది. మామ్మ గొణుగుడు ఆ రోజుతో సరి. సోఫాకి ప్లాస్టిక్ కవరు తొడిగించి, కోడలొచ్చి కూచునే దాకా దాని మీద ఎవరూ కూచోడానికి వీల్లేదని తీర్మానం చేసింది. ఎండన పడి వచ్చిన నాన్న కూడా దాని వంక ఓసారి చూసి, పక్కనే నేల మీద చాప వేసుకునేవాడు. సోఫా చూద్దామని వచ్చిన ఇరుగుపొరుగుని మామ్మ గుమ్మంలోనే ఆపేది. "ఆయ్, చూడండి, బాగా చూడండి. ముట్టుకోమాకండి!"

ఈ కట్టుబాట్లేవీ పిల్లికి పట్టలేదు. ఒక పొద్దున్న లేచి చూసేసరికి, కవరు చీలిపోయి, సోఫా చెయ్యి మీద ఎర్ర గుడ్డ నూగు లేచి, గోళ్ల గీతలు.

"నీ జిమ్మడిపోను! మీ అమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పుకోనే!" అని మామ్మ నెత్తి కొట్టుకుంది. తిట్టింది పిల్లినో నన్నో అర్థం కాలేదు. మేమిద్దరం కలిసే మంచం కింద దూరాం.

పిల్లిని గోనెసంచిలో కట్టి గోదావరి అవతల వదిలేస్తే మళ్లీ రాదని పక్కింటావిడ సలహా ఇచ్చింది. మామ్మ ఆవిడ మీద కూడా లేచింది. "ఆ సోఫా మా కోడలిది. ఆ పిల్లీ మా కోడలిదే. ఒకటి పాడైనా, ఒకటి పోయినా ఆ పిల్లకి నేనేటి జవాబు చెప్పేది?" ఆ రోజు నుంచి మామ్మకి అదే బెంగ. కోడలు తిరిగొచ్చే నాటికి రెండూ నిక్షేపంగా ఉండాలి.

ముందు కిరసనాయిలు. గుడ్డ తడిపి సోఫా కాలికి కట్టింది. పిల్లి తుమ్మి వెళ్లిపోయింది గానీ, ఇల్లంతా స్టవ్వు కారినట్టు కంపు. వచ్చినవాళ్లు కంగారుగా వంటింటి వైపు చూసేవారు. తర్వాత కారం. సోఫా చుట్టూ చల్లి, ఆ సంగతి మరిచిపోయి, పొద్దున్నే చీపురు పట్టి ఊడ్చింది. ఆ తుమ్ములు వీధి చివరికి వినపడి ఉంటాయి. పిల్లి కిటికీలో కూచుని మామ్మనే చూసింది. నాకు నవ్వాగక పెరట్లోకి పరిగెత్తాను. చివరికి గోళ్లే తీసేద్దామని పిల్లిని చీరలో చుట్టి నాన్న చేతికిచ్చింది. ఆ సాయంత్రం నాన్న మోచేతుల దాకా పసుపు రాసుకుని కూర్చున్నాడు. పిల్లి గోళ్లు పిల్లికే ఉన్నాయి.

సోఫా పక్కన నేల మీద పడుకునేది నాన్నే కాబట్టి, అసలు సంగతి ఆయనకే కనపడింది. పిల్లి ఎప్పుడు పడితే అప్పుడు గీరడం లేదు. నిద్ర లేవగానే ఒళ్లు విరుచుకుని, ముందుకాళ్లు చాపి, ఎదురుగా ఏది గట్టిగా ఉంటే దాన్ని పట్టుకుంటోంది. అది పడుకునేది సోఫా పక్కన. అందేది సోఫా చెయ్యి. "దాని తప్పేవుందమ్మా? మనం లేచి ఒళ్లు విరుచుకోవా?" అన్నాడు. కొబ్బరి మొద్దు ముక్క ఒకటి తెచ్చి, పీట మీద నిలబెట్టి మేకులు కొట్టి, పైనుంచి కిందదాకా కొబ్బరితాడు బిగించి చుట్టాడు. మామ్మ దాన్ని పెరటి గుమ్మం దగ్గర పెట్టించింది. పిల్లి అటు తిరిగైనా చూడలేదు. నాన్న దాన్ని తెచ్చి సరిగ్గా పిల్లి పడక ముందు పెట్టాడు. మర్నాడు పిల్లి లేచింది, వెన్ను సాగదీసింది, ఆ తాడులో గోళ్లు దించి కరకరా గీరింది. మామ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని "అమ్మయ్య" అంది. అప్పట్నుంచి పిల్లి సోఫా జోలికి పోలేదు. పాత గీతలున్న వైపుని మామ్మ గోడకి తిప్పించేసింది.

అలా రెండేళ్లు గడిచాయి. అమ్మ బొంబాయిలో దిగి, రైల్లో రాజమండ్రి వచ్చి, అక్కణ్నుంచి టాక్సీలో వస్తోందని కబురు. ఆ రోజు మామ్మ తెల్లారకుండానే ఇల్లలికి, ముగ్గులు పెట్టి, సోఫా మీద కవరు తన చేత్తో ఊడదీసింది. ఎర్ర సోఫా పక్కన ఆ పీచుమొద్దు అసహ్యంగా ఉందని పెరట్లో పెట్టించేసింది. "ఇయ్యాళ్టికి అక్కడుండనీ" అంది.

అమ్మ చిక్కిపోయి వచ్చింది. వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. నడవలోకొచ్చి సోఫాని చూసి ఆగిపోయింది. మామ్మ మొహం వెలిగిపోతోంది. అమ్మ మెల్లగా దగ్గరికెళ్లి, కొంగుతో సోఫా చెయ్యి తుడిచింది, దిండు సవరించింది, ఆ పక్కనే నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది.

"అదేటమ్మాయ్, పైన కూచో" అన్నారు అందరూ. అమ్మ నవ్వి, అక్కడే కొంగు సర్దుకుంది. అత్తగారి ఎదుట కోడలు ఎత్తు మీద కూచోకపోవడం మాలో ఉన్నదే. మామ్మకి అది పట్టరాని గర్వమైపోయింది. "విమానం ఎక్కొచ్చినా మా కోడలికి వినయం పోలేదు చూసేరా!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

జనం వెళ్లిపోయాక మామ్మ దగ్గరికొచ్చి, "చాల్లేవే మర్యాద. ఎవరూ లేరుగా, ఇంక పైకెక్కి కూచో. నీకోసం కాకుల్ని కూడా వాలనివ్వలేదు" అంది.

అమ్మ సోఫా వంక చూస్తూ నెమ్మదిగా అంది. "మర్యాద కాదండి అత్తయ్యా. అక్కడ సోఫాలు మేం తుడవడానికే గానీ కూచోవడానికి లేదండి. రెండేళ్లూ నేల మీదే. ఇంటికెళ్లేక నా సోఫాలో నేను కూచోవాలని రోజూ అనుకునేదాన్ని. తీరా చూస్తే, దులపాలనిపిస్తంది గానీ కూచోవాలని తట్టట్లేదండి."

మామ్మ వెళ్లి సోఫా నట్టనడుమ ధబీమని కూలబడి, అమ్మ చెయ్యి పట్టుకుని లేపి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. అత్తా కోడలూ ఒకే ఆసనం మీద! అమ్మ చుట్టపుచూపుగా వచ్చినదానిలా అంచు మీద కూర్చుంది.

అంతలో పిల్లి నిద్ర లేచింది. ఒళ్లు విరుచుకుంది. మొద్దు ఉండాల్సిన చోట మొద్దు లేదు. ఇటూ అటూ చూసి, అమ్మ మోచేతి పక్కనే సోఫా చేతిలో గోళ్లు దించి గీరడం మొదలెట్టింది. అమ్మ అదిరిపడి లేవబోయింది. ఆ మొహంలో భయం నాకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడెవరో వచ్చి తిడతారన్న భయం అది.

మామ్మ అమ్మ చెయ్యి వదల్లేదు. "గీరుకోనీవే. చిరిగితే చిరుగుద్ది. నిన్ను అడిగేవోళ్లు ఎవరున్నారే ఇక్కడ? ఇది నీ ఇల్లు."

అమ్మ వెనక్కి వాలింది. మామ్మ భుజం మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. నాన్న లేచి వెళ్లి వీధి తలుపు దగ్గరగా వేశాడు.