శుభలేఖల వెనక ఖాళీ

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఐర్లండ్‌లోని నేస్ అనే ఊళ్లో పెరిగింది, నేస్ యాసలోనే మాట్లాడుతుంది. తెలుగు రాదని కాదు, అన్నీ అర్థమవుతాయి. మేమిద్దరం గుసగుసలాడుకునేవి మరీ బాగా అర్థమవుతాయి. కానీ తెలుగులో అడిగిన దేనికైనా జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. ఇంకొంచెం అన్నం పెట్టనా అంటే, ‘ఐయామ్ గ్రాండ్’ అంటుంది, ఇక చాలని. దాని నోట ఒక్క పూర్తి తెలుగు వాక్యం వినాలని నా కోరిక. ముందు మాటలు వస్తే వాక్యం దానంతటదే వస్తుందని నమ్మాను.

నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగకపోతే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఒక పెట్టెడు తెల్ల కార్డులు కొని, ఒకవైపు తెలుగు మాట రాసి, రెండోవైపు బొమ్మ వేసి, రోజూ టిఫిన్ దగ్గర పిల్లకు మాట వైపు చూపించేవాణ్ణి. మూడు నెలలకల్లా కార్డు సగం ఎత్తేసరికే చెప్పేసేది. ఆఫీసులో ఉన్న తెలుగువాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

ఒక ఆదివారం ‘కాకి’ కార్డు కనబడకపోతే కొత్తది రాసి చూపించాను. పిల్ల తెల్లమొహం వేసింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అది ఒక్క అక్షరమూ చదవడం లేదు. టీ మరక ఉన్నది నీళ్లు, మూల నలిగినది చెప్పు, జామ్ అంటినది కాకి. మూడు నెలలు కష్టపడి పిల్లకు మరకలు నేర్పారని మా ఆవిడ మెచ్చుకుంది.

ఇక మొత్తం కార్డులు మార్చాల్సిందే. కొన్న షాపుకే వెళితే ఆ రకం రావడం లేదన్నారు. గీతలున్నవి, రంగులవి మాత్రం ఉన్నాయి. మా అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయని, గీతలు అడ్డొస్తాయని షాపులో పెద్దాయనకు వివరంగా చెప్పాను. ఆయన ఎంతో సానుభూతితో విని, మళ్లీ గీతలున్నవే చూపించాడు. డబ్లిన్ దగ్గర శాండీఫోర్డ్‌లో పని పడితే అక్కడా వెతికాను. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే విజిటింగ్ కార్డంతవి వచ్చాయి. వాటి మీద ఈగ పడుతుంది గాని ఏనుగు పట్టదు.

చివరికి వంటింట్లో, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అల్మరాలో, పప్పుల డబ్బాల వెనక ఒక సంచి దొరికింది. నిండా శుభలేఖలు. మనవాళ్లు పెళ్లి కార్డు పారేయరు కదా. పైన వినాయకుడు, మూలలకు పసుపు. రీసైక్లింగ్ డబ్బాలో వేయడానికి చెయ్యి రాదు. దళసరి అట్ట, వెనకంతా ఖాళీ, ఒక్క గీత లేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. దేవుడి బొమ్మలన్నీ భక్తిగా కత్తిరించి పూజగూట్లో పెట్టి, మిగతాది స్కేలు పెట్టి కొయ్యడం మొదలుపెట్టాను. ఎవరివో చూసి కొయ్యమంది మా ఆవిడ. అన్నీ ఎప్పుడో అయిపోయిన పెళ్లిళ్లే కదా అన్నాను, చూడకుండానే.

కొత్త కార్డులతో పిల్ల నిజంగానే అక్షరాలు కూడబలుక్కుని చదవసాగింది. జవాబులు మాత్రం యథాప్రకారం ఇంగ్లీషులోనే.

రెండు వారాల తర్వాత, ఒక శనివారం మధ్యాహ్నం, మా హౌసింగ్ ఎస్టేట్‌లోనే ఉండే ఒక అక్కయ్యగారు వచ్చారు. వచ్చే నెల విజయవాడలో వాళ్లబ్బాయి పెళ్లి. నెల క్రితమే భార్యాభర్తలిద్దరూ వచ్చి, మా ఆవిడకు బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చి మరీ పిలిచి వెళ్లారు. తెచ్చుకున్న కార్డులన్నీ అయిపోయాయట, ఆఫీసులో ఐరిష్ మేనేజరుకు ఒకటి ఇవ్వాలట. మనవాళ్లు కాబట్టి అడుగుతున్నానని, మాకిచ్చిన కార్డు తిరిగి ఇవ్వగలమా అని మొహమాటపడుతూ అడిగారు.

మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను. అంత ముఖ్యమైన కార్డు కదా, పైన గదిలో పాస్‌పోర్టులతో పాటు భద్రంగా దాచాను, వెతికి రేపు తెచ్చిస్తాను అన్నాను. అక్కయ్యగారు సంతోషించారు.

బల్ల దగ్గర బిస్కెట్ తింటున్న మా అమ్మాయి తలెత్తింది. అబద్ధాలు చెప్పకూడదని దానికి నేర్పింది కూడా నేనే. మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ అంది:

“ఆంటీ, మీ కార్డు పైన లేదు. నాన్న కత్తెరతో కోసేశాడు. దాని వెనక గాడిద అని రాశాడు.”

అని ఊరుకోకుండా, దొంతరలోంచి ఆ ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఒకవైపు వధూవరుల పేర్లు సగం, రెండోవైపు నా దస్తూరీ.

అక్కయ్యగారి మొహం మాడిపోయింది. మా ఆవిడ టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అది నేను అక్కయ్యగారి కాళ్ల మీద పడాల్సిన సమయమని నాకు తెలుసు. కానీ మూడు వాక్యాలు! ఆంటీ, కార్డు అన్న మాటలు తప్ప ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏదీ, మళ్లీ ఒక్కసారి చెప్పు తల్లీ,” అన్నాను.