డెన్మార్క్ కుర్చీకి మేకు

వనపర్తిల మాది వడ్లోళ్ల దుకాణం, కట్టె పని. రెండువేల ఐదు ఎండకాలంల మా ఆయన గుండె ఆగి పోయిండు. పోయేనాటికి దుకాణంల ఒకటే పని మిగిలింది, డాక్టరమ్మ కుర్చీ.

డాక్టరమ్మ రిటైరై మా ఎనుక గల్లీల ఉంటుండె. ఆమె పెనిమిటి ఎన్కట డెన్మార్క్‌ల చదివి, ఆడికెల్లి ఆరు కుర్చీలు తెప్పించిండట. బల్ల కాడ అన్నం తినెటందుకు. చేతులు లేవు. వీపూ పీటా ఒకటే చెక్క, నడిమిట్ల చీమ నడుము లెక్క సన్నగ. అన్నిటికీ వంపు కాడ పొరలు ఇడుస్తున్నయి. "ఇదొక్కటి మంచిగ చేస్తె తక్కిన అయిదు గూడ నీకే" అని ఒకటి దించి పోయింది.

మా ఆయన దాన్ని రెండు దినాలు తిప్పి తిప్పి చూసిండు. "ఇది ఒకటే పలక గాదే. రొట్టె మీద రొట్టె పెట్టినట్లు పల్చటి పొరలు అతికి, అచ్చుల వత్తిండ్రు. మేకు కొడితే పలుగుతది" అన్నడు. పాత బంక గీకి పెట్టిండు. ఇగ అంతే.

పదకొండు దినాలైనంక మరిది దుకాణం తెరిచిండు. "ఊరంత ప్లాస్టిక్ కుర్చీలు దిగె. ఇది ఇచ్చేసి తాళమేద్దాం వదినా, నువ్వు తల్లిగారింటికి పో" అన్నడు. తల్లిగారింట నాకెవరున్నరు? ఆ అయిదు కుర్చీలు వస్తెనే దుకాణం నిలుస్తది, నేను నిలుస్త.

రేపు పొద్దుగాల వస్తనని డాక్టరమ్మ కబురంపింది. మరిది మేకులు నోట్ల పెట్టుకొని కుర్చీని బోర్లేసిండు.

"మేకు వద్దు."

"టేకు దర్వాజలు బిగించిన చేతులివి. నువ్వు నేర్పుతవా?"

"టేకు గాదది. మీ అన్న చెప్పిండు."

"చెప్పినోడు చేసి పోవాలె గద!"

సుత్తి లేపిండు. నేను పోయి, మేకు ఆనించిన తావుల అరచెయ్యి పెట్టిన.

"కొట్టు ఇగ."

మా ఇండ్లల్ల ఆడోళ్లు పనిముట్లు ముట్టరు. ముండమోసినదాని నీడ గూడ పడొద్దంటరు. మరిది మేకులు ఉమ్మేసి, "చేస్కో. పరువు పోతె నాకు తెల్వదు" అని పోయి అరుగు మీద కూసున్నడు.

ఆకురాయి పక్కనున్న పాత బ్లేడు తీసి పొరల సందుల బంక దూర్చిన. ఇసుక వెచ్చగ జేసి సంచిల పోసి వంపుల పెడితే, సంచి ఆ వంపు తీరుగనే ఒదిగింది. దాని మీదికెల్లి సైకిల్ ట్యూబు పట్టీలు మోకాలు ఆనిచ్చి గుంజి కట్టిన. ఇరవై ఏండ్లు ఆయన కడుతుంటె కొస పట్టింది నేనే. ట్యూబు పనిముట్టు గాదు గద!

తెల్లారి పట్టీలు ఇప్పిన. డాక్టరమ్మ వచ్చింది. అద్దాలు ముక్కు మీదికి దించి, గోటితో పొరలు గీరి చూసింది.

"ఎవరు చేసిండ్రు?"

మరిది నేల చూసిండు. నేను తలుపు ఎనుకనుంచి "నేనేనమ్మా" అన్న.

ఆమె కుర్చీని తనదిక్కు తిప్పుకున్నది. కూసున్నది. వీపు ఎనుకకు ఆనిచ్చింది. చెక్క కిర్రుమని వంగింది. నేను తలుపు రెక్క గట్టిగ పట్టుకున్న.

"ఏందట్ల బిగుసుకపోయినవ్?" అన్నది ఆమె. "ఇది వంగుతది. కొత్తల గూడ గిట్లనే కిర్రుమంటుండె." ఇంకోసారి ఆనుకొని, కండ్లు మూసుకున్నది.

నాకంటె ముందే మరిది లేసిండు. "తక్కినయి ఇప్పుడే తీస్కరావాల్నా అమ్మా?"

బండి తోలుకొని గల్లీ మూల దాంక పోయి, అక్కడికెల్లి కేకేసిండు: "వదినే, అయిదింటికి సరిపోను ట్యూబులు కోసిపెట్టు!"