మోకాలికి ఇరవై నాలుగు గేర్లు

బరంపురం నుంచి హుమ్మ దాకా తొక్కి, ఉప్పుమడుల దగ్గర టీ తాగి, తిరిగి సైకిల్ ఎక్కబోతే కుడి మోకాలు బిగుసుకుంది. పడలేదు, దెబ్బ తగల్లేదు, కానీ కొంచెం వాచింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మోకాలు చెడిందన్న ఆలోచనే రాలేదు. సైకిల్లో లోపముందనుకున్నాను.

నాది ఏడు గేర్ల రోడ్ బైక్. బరువు గేరులో తొక్కితే మోకాళ్లు పాడవుతాయని ఎక్కడో చదివాను. మర్నాడే బడా బజార్‌లో మా పప్పుల కొట్టు వెనక సైకిళ్లు బాగుచేసే అప్పన్న దగ్గరికి వెళ్లాను. పెళ్లిసంబంధం మాట్లాడుకున్నంతసేపు మాట్లాడుకుని, పద్నాలుగు గేర్లు ఖాయం చేశాం. పదిరోజులు హాయిగా ఉంది. మళ్లీ వాపు. ఈసారి ఇరవై నాలుగు.

మధ్యలో నాన్న పోరు పడలేక ఒక డాక్టరుకి చూపించుకున్నాను. ఎక్స్‌రే చూసి, "బోన్ నార్మల్. సైక్లింగ్ ఆపి, రెండు వారాల్లో మళ్లీ రా" అన్నాడు. నేను 'నార్మల్' వరకే విన్నాను.

ఆ నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. అదంతా సైక్లింగ్ మహిమేనని ఫొటోలు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు, అమ్మ తప్ప.

"ఏట్రా, పేంటు జారిపోతంది. ఒళ్లు కూడా కాల్తంది."

"ఎండమ్మా."

"రాత్రి ఏడు గంటలకేటి ఎండ?"

వాపు తగ్గకపోయేసరికి మళ్లీ అప్పన్న దగ్గరికెళ్లి, వెనక ఇంకా పెద్ద పళ్లచక్రం వెయ్యమన్నాను. అతను రెంచి కింద పెట్టేశాడు.

"బాబూ, దీనికి ఇంక ఎక్కించడానికి సోటు నేదు. సైకిల్లో ఏ లోటూ నేదు. నువ్వు ఆసుపత్రికెల్లు."

"నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు కాబట్టే సెప్తన్నాను."

చివరికి అమ్మ వెంట వెళ్తే, ఎముకల డాక్టరు మోకాలు నొక్కి చూసి, జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. లేదన్నాను. పక్కనుంచి అమ్మ అందుకుంది: "నాలుగు నెల్ల నుంచండి. అడిగితే ఎండంటాడు."

రక్తపరీక్షలో ఈఎస్ఆర్ ఎక్కువుంది. ఎంఆర్ఐ తీశారు. సూదితో నీరు లాగారు, బయాప్సీ చేశారు. అన్నీ చూసి డాక్టరు చెప్పాడు: "మోకాలికి టీబీ. ముందే వచ్చుంటే కార్టిలేజ్ మిగిలేది."

"మరి గేర్లండీ?" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆయన తలెత్తకుండా రాసుకుంటూ, "మందులు ఏడాదిన్నర" అన్నాడు.

మోకాలి టీబీ పక్కన కూర్చుంటే అంటదని డాక్టరు చెప్పినా, మా అత్త నా గ్లాసు వేరు పెట్టింది. తినే సరుకు అమ్మే కొట్టు కదా అని, నాన్న బజారులో 'లిగమెంటు' అని చెప్పాడు. లిగమెంటుకి బజారంతా పరామర్శకొచ్చింది. టీబీ అంటే ఎంతమంది వచ్చేవారో తెలుసుకునే అవకాశం నాకు దక్కలేదు.

మూడో నెలలో మందులు లివర్‌కి పడలేదు. వాంతులు, పచ్చకళ్లు. అన్నీ ఆపి, ఒక్కొక్క మాత్రే మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత ఫిజియోథెరపీ. చేయించే ఆమె రోజూ మోకాలు ఎంత వంగుతోందో కోణం కొలిచి, "ఎయిటీ" అనేది. నేను ఏడ్చిన రోజూ ఎయిటీయే, జోకులేసిన రోజూ ఎయిటీయే. పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే మోకాలు ఇంకా చాలా వంగాలి.

జబ్బు నయమైంది. కాలు మాత్రం నయం కాలేదు. కొట్టులో అందరూ పరుపు మీద మఠం వేసుకుంటే, నేను కాలు చాపుకుని స్టూలు మీద కూర్చుంటాను. సైకిల్ అప్పన్న అమ్మిపెట్టాడు. కొన్నవాడు తప్తపాణి ఘాటీ ఎక్కేస్తున్నాడట. గేర్లు బాగా కుదిరాయని నాకు కబురు పంపాడు. కృతజ్ఞత గలవాడు.

చెప్పేది ఒక్కటే. దెబ్బ తగలకుండా కీలు వాచి, రెండు వారాలకీ తగ్గకపోతే, రోజూ సాయంత్రం జ్వరం చూసుకుని ఆ అంకెలు కాగితం మీద రాసి, ఎముకల డాక్టరుకి చూపించండి. థర్మామీటరు మా ఇంట్లోనూ ఉంది. అమ్మ రెండుసార్లు దాన్ని నా నోటిదాకా తెచ్చింది. నేనే చేత్తో పక్కకి తోశాను.